మెదడున మాతృభాష నెలకొను చోటు

బళ్లారిలో, హోసూరులో, మధురలో, బరంపురములో, షోలాపురములో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో ఒక ప్రశ్న తఱచుగా వినవచ్చుచుండును. ఇంటిలో తెలుగు, వీథిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో, బడిలో ఇంగ్లీషు. యానాములోని పెద్దలకైతే 1954 వఱకు కచేరీలో ఫ్రెంచి. ఇన్ని భాషలు పసివాని తలలో ఎట్లు ఇముడును? ఒకదాని నొకటి త్రోసికొనవా? ఇంటిభాషను మాన్పించినచో బడిభాష శీఘ్రముగా పట్టుబడునేమో యని తలంచు తల్లిదండ్రులు మనలో లేకపోలేదు. ఈ ప్రశ్నకు అభిమానముతో చెప్పు సమాధానములు మనము చాల వినియున్నాము. మెదడును పరిశోధించినవారు చెప్పు సమాధానము వేఱొకటి కలదు. అది ఒక్క దినమున తేలినది కాదు. నూట అఱువది యేండ్లకు పైబడిన కథ యది. ఆ కథను మాకు తెలిసినంతవఱకు ఇచట చెప్ప దలచితిమి.

మాట పుట్టు చోటు మెదడని మానవుడు మొదటినుండియు ఎఱుగడు. ఈజిప్టు దేశపు ప్రాచీన వైద్యగ్రంథ మొకటి, ఎడ్విన్ స్మిత్ పపైరస్ అని పేరు పొందినది, క్రీస్తునకు సుమారు 1600 సంవత్సరములకు పూర్వపు ప్రతి. అందు తలకు దెబ్బతగిలి మాట పడిపోయినవాని ప్రస్తావన కలదు. అయినను గ్రీకు దేశమున అరిస్టాటిలు బుద్ధికి నిలయము హృదయమనియే చెప్పెను. మన పాణినీయశిక్ష చెప్పు క్రమము వేఱు: ఆత్మ బుద్ధితో కూడి, చెప్పదలచిన అర్థముల నేర్చుకొని, మనస్సును నియోగించును, మనస్సు కాయాగ్నిని తట్టును, అది వాయువును ప్రేరేపించును, వాయువు కంఠాది స్థానములలో వర్ణమై వెలువడును. ధ్వని వెలువడు విధమును ఇంత చక్కగా చెప్పినవారు మఱియొకరు లేరు. కాని యిందు మెదడు మాట లేదు. భర్తృహరి వాక్యపదీయమున వాక్యార్థము ముక్కముక్కలుగా గాక ఒక్కమాఱే స్ఫురించునని వాదించెను. అదియు మనస్సు సంగతియే గాని శరీరములోని యొక అవయవము సంగతి కాదు. ఏ పని మెదడులో ఏ చోట జరుగునను ప్రశ్న యూరోపులో పందొమ్మిదవ శతాబ్దిలో గాని గట్టిగా తలయెత్తలేదు.

దానిని మొదట తలకెత్తుకొన్నవాడు ఫ్రాంజ్ యోసెఫ్ గాల్ (1758–1828). తల పైని బుడిపెలను తడవి మనుష్యుని గుణములు చెప్పవచ్చునని ఆయన సాగించిన శాస్త్రము తరువాత నవ్వులపాలైనది. మన హస్తసాముద్రికమునకు అది దూరపు చుట్టమనవచ్చును. అయినను మెదడులో ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క పని కలదను మూలభావము మాత్రము చావలేదు. పారిసు నగరమున బూయో అను వైద్యుడు 1825 నాటికే మాటకు ఆధారము మెదడు ముందరి భాగమని ప్రకటించి, అది తప్పని నిరూపించినవారికి 500 ఫ్రాంకులు పందెముగా ఒడ్డెను. ఆయన అల్లుడైన ఒబర్తెన్ 1861 ఏప్రిలు నెలలో పారిసు మానవశాస్త్ర సభలో మామగారి పక్షమును గట్టిగా వాదించెను.

ఆ సభకు కార్యదర్శి పాల్ బ్రోకా (1824–1880), శస్త్రవైద్యుడు. వాదము సాగుచున్న ఆ దినములలోనే బిసేత్రు ఆసుపత్రిలో ఆయన వార్డునకు, కాలు కుళ్లిన యొక రోగిని తెచ్చిరి. అతని పేరు లెబోర్న్. వయస్సు 51 ఏండ్లు. ఇరువదియొక్క యేండ్లుగా అతడు ఆ యాసుపత్రిలోనే యుండెను. ఏమి యడిగినను "తాఁ, తాఁ" అను ఒక్కటే మాట. అందుచేత ఆసుపత్రి వారందఱు అతనిని ఆ పేరుననే పిలుచుచుండిరి. ఇతరులు చెప్పినది అతనికి చాలవఱకు తెలియును. వ్రేళ్లతో అంకెలు చూపును. తాను చెప్పదలచినది ఎదుటివారికి తెలియకపోయినప్పుడు కోపము వచ్చి ఒక తిట్టు మాత్రము స్పష్టముగా నోటినుండి వెడలును. నాలుక పనిచేయుచునేయున్నది, బుద్ధి పనిచేయుచునేయున్నది, నడుమ వంతెన తెగినది. ఏప్రిలు 17వ తేదీన లెబోర్న్ మరణించెను. మఱునాడే బ్రోకా అతని మెదడును సభవారి యెదుట పెట్టెను. ఎడమవైపు ముందరి భాగములో, మూడవ మెలిక యొద్ద, కణజాలము చెడి గుంట పడియుండెను. కొన్ని నెలలకు లెలోన్ అను 84 ఏండ్ల వృద్ధుడు, అయిదే మాటలు మిగిలినవాడు, అదే విధముగా కనబడెను. 1865లో బ్రోకా ఒక అడుగు ముందుకు వేసి, మనము ఎడమ అర్ధగోళముతో మాటలాడుదుమని తేల్చి చెప్పెను. ఈ సంగతిని మార్క్ దాక్స్ అను గ్రామీణ వైద్యుడు 1836లోనే వ్రాసిపెట్టెనని ఆయన కుమారుడు తగవు పెట్టెను. ఆ తగవు ఎటు తీరినను, విషయము మాత్రము నిలిచినది. కుడిచేతివాటము గలవారిలో నూటికి 95 మందికి, ఎడమచేతివాటము వారిలో సైతము నూటికి 70 మందికి, భాష ప్రధానముగా ఎడమవైపుననే యుండునని తరువాతి పరీక్షలు చూపినవి. మాట పడిపోవు ఈ వ్యాధికి అఫేషియా అను పేరు 1864లో త్రూసో పెట్టినది. మనము వాగ్లోపమందము.

లెబోర్న్ మెదడును బ్రోకా కోసి చూడక, ద్రావకములో నిలువచేసెను. ఇది ఆ మహానుభావుని దూరదృష్టి యని మా యభిప్రాయము. నూట నలువది యేండ్లకు పైగా గడచిన పిమ్మట, 2007లో, నీనా డ్రాంకర్స్ మొదలగువారు దానిని కొత్త చిత్రణయంత్రములో పెట్టి చూచినప్పుడు, దెబ్బ పైమెలికకే పరిమితము గాక, లోతుగా పోవు నరపు కట్టలను సైతము తెంచినదని తెలిసెను. ఒక చోటు చెడుటయే కాదు, దారి తెగుటయు మాట పోవుటకు కారణమన్నమాట.

దారి సంగతి మొదట కనిపెట్టినవాడు కార్ల్ వెర్నికె. 1874లో, తన యిరువదియాఱవ యేట, ఆయన ప్రకటించిన చిన్న గ్రంథములో మఱియొక తీరు రోగులు కనబడుదురు. వీరికి మాట ధారాళము. స్వరము, విరుపు, వాక్యపు సాగుదల అన్నియు సరిగానే యుండును, అర్థము మాత్రముండదు, ఇతరులు చెప్పినదియు వారికి తెలియదు. వారి మెదడులో దెబ్బ చెవి కెగువన, ఎడమ పార్శ్వభాగపు వెనుక కొసన కనబడెను. విను చోటు ఒకటి, పలుకు చోటు ఒకటి, రెంటిని కలుపు నరపు దారి యొకటి యని వెర్నికె ఊహించెను. ఆ దారి మాత్రమే తెగినచో రోగి వినును, మాటలాడును గాని విన్నమాటను తిరిగి చెప్పలేడని ఆయన అనుమానము పిమ్మట నిజమయ్యెను. 1906లో పియెర్ మారీ బ్రోకా చెప్పిన మెలికకు మాటతో విశేష సంబంధమే లేదని తిరుగుబాటు చేసెను. వాదములు చాల జరిగినవి. వానిలోనికి ఇచట దిగ నవసరము లేదు.

ఇంతవఱకు అందఱును మాటను గూర్చియే చెప్పిరి. వ్యాకరణము సంగతి యేమి? ప్రేగు నగరమున ఆర్నాల్డ్ పిక్ 1913లో వ్యాకరణము చెడిన పలుకును గూర్చి పెద్ద గ్రంథము వ్రాసెను. ఇట్టి రోగి పేర్లు చెప్పును. విభక్తులు, ప్రత్యయములు జారవిడుచును. తంతివార్త వలె నుండును ఆ పలుకు. రోమన్ యాకొబ్సన్ అను భాషాశాస్త్రవేత్త 1956లో దీనిని రెండుగా విడదీసెను: మాటను ఏరుకొను శక్తి చెడుట ఒకటి, మాటలను కూర్చు శక్తి చెడుట రెండవది. దండకు పువ్వులు ఏరలేకపోవుటయు, ఏరిన పువ్వులను దారమున గ్రుచ్చలేకపోవుటయు వేఱు గదా! వైయాకరణులకు వైద్యులతో పని కలిగినది ఆ కాలముననే.

పలుకుటయే కాదు, వ్యాకరణముతో తెలిసికొనుటయు వీరికి చెడునని 1976లో కరామజా, జురిఫ్ అను నిద్దఱు అమెరికా పరిశోధకులు చూపిరి. వారు ఇంగ్లీషు వాక్యములతో చేసినదానిని మన తెలుగున పెట్టి చూచినచో ఇంకను స్పష్టముగా బోధపడును. "బాలుడు తినుచున్న పండు ఎఱ్ఱగా నున్నది" అన్నచో రోగికి తెలియును; పండు బాలుని తినదు గనుక వ్యాకరణముతో పనిలేదు. "పులి తరుముచున్న ఏనుగు", "పులిని తరుముచున్న ఏనుగు" అను రెంటికి భేదమంతయు ఒక్క 'ని'లో నున్నది. అచట లోకజ్ఞానము ఆదుకొనదు. ఇట్టి వాక్యములలో వ్యాకరణము చెడిన రోగి తడబడును. చిన్నయసూరి ద్వితీయకు వ్రాసిన సూత్రములు చదివి విసిగిన విద్యార్థులు, ఈ ఒక్క ప్రత్యయమునకై మెదడు పడు శ్రమను తలంచుట మంచిది.

అయితే 1983లో మఱియొక వింత బయల్పడెను. వ్యాకరణము పూర్తిగా పోయినదనుకొన్న నలుగురు రోగులకు తప్పు వాక్యములను, ఒప్పు వాక్యములను కలిపి వినిపింపగా, ఏది తప్పో ఏది ఒప్పో వారు చాలవఱకు సరిగా చెప్పిరి. అనగా జ్ఞానము తుడిచిపెట్టుకొని పోలేదు; దానిని వేళకు అందుకొని వాడుకొను శక్తి సన్నగిలినది. భాషాభేదమును బట్టియు రోగలక్షణము మాఱును. ఇంగ్లీషున ప్రత్యయము జారినను మాట నిలుచును. హీబ్రూ వంటి భాషలో ప్రత్యయము లేని ధాతువు మాటయే కాదు గనుక, రోగి ప్రత్యయమును విడువక ఒకదానికి బదులు మఱియొకటి వేయును. వ్యాధి ఒకటే, భాష దానికి తన వేషము తొడుగును.

ఆరోగ్యవంతుని మెదడు వాక్యమును ఎంత వేగముగా పరీక్షించునో తలపై తగిలించిన విద్యుత్తు తీగలు చెప్పినవి. వినువాడు "వేడి యన్నములో చెప్పులు కలుపుకొని" అను మాట విన్నాడనుకొందము. 'చెప్పులు' చెవిని బడిన సెకనులో వేయింట నాలుగువందల వంతునకు మెదడులో ఒక విద్యుత్తరంగము లేచునని 1980లో కూటాస్, హిల్యార్డ్ కనుగొనిరి. "మేము రేపు వచ్చెను" వంటి వ్యాకరణదోషము వినినప్పుడు మఱియొక తరంగము, సుమారు ఆఱువందల వంతునకు, వచ్చునని 1990 తరువాతి పరిశోధనలు తెలిపినవి. అర్థదోషమునకు, వ్యాకరణదోషమునకు మెదడు వేర్వేఱుగా ఉలికిపడునన్నమాట. మన పిల్లవాడు పొరుగు భాషల కలగలుపున తెలుగు మాటాడినప్పుడు ముసలమ్మ ముఖము చిట్లించుటకు ముందే, ఆమె మెదడు చిట్లించియుండును!

ఇప్పుడు మన ఇంటి సంగతికి వత్తము. రెండు భాషలు తెలిసినవానికి మెదడు దెబ్బతినినప్పుడు ఏ భాష మిగులును? 1881లో రిబో, పాత జ్ఞాపకమే గట్టిది గనుక తల్లిభాష మిగులునని చెప్పెను. 1895లో బోర్డో నగరపు వైద్యుడు పిత్ర్, కాదు, వ్యాధికి ముందు ఎక్కువగా వాడుకలో నున్న భాషయే ముందుగా తిరిగి వచ్చునని చెప్పెను. ఈ రెండు సూత్రములలో దేనికిని పూర్తిగా లొంగని రోగులు తరువాత చాలమంది కనబడిరి. స్విట్జర్లాండులో మింకోవ్‌స్కీ చూచిన యొక రోగికి తల్లిభాషయైన స్విస్ జర్మను కంటె ముందుగా ఫ్రెంచి తిరిగివచ్చెను. ఫ్రాన్సులో గడపిన కాలపు అనురాగమే దీనికి హేతువని ఆ వైద్యుడు భావించెను. ఇంతకంటె ఆశ్చర్యకరము 1982లో పరాడిస్ మొదలగువారు ప్రకటించిన వృత్తాంతము. మొరాకోలో చిన్నపిల్లల వైద్యశాలలో పనిచేయు ఒక ఫ్రెంచి సన్యాసినికి ప్రమాదమున తలకు దెబ్బ తగిలెను. ఆమెకు ఒకనాడు అరబ్బీ వచ్చును, ఫ్రెంచి రాదు. మఱియొకనాడు ఫ్రెంచి వచ్చును, అరబ్బీ రాదు. తనంత తాను పలుకలేని భాషలోనికి ఆ దినముననే అనువాదము మాత్రము చేయగలిగెను! రెండు భాషలును లోపలనే యున్నవి. తలుపు మాత్రము ఒకనాడొకటి మూసికొనుచున్నది. ఇవి అరుదైన సంగతులు. అధిక సంఖ్యాకులలో రెండు భాషలు దెబ్బతినుటయు, కోలుకొనుటయు జోడుగానే జరుగును. భాషకొక గది చొప్పున మెదడు పంచియుండలేదని దీనివలన తెలియుచున్నది.

గదులు వేఱు గాకపోయినచో వ్యాకరణములు ఒకదానిపై నొకటి ఒరసికొనవా? ఒరసికొనును. దీనికి నిదర్శనము మన యిరుగుననే కలదు. మహారాష్ట్రములో, కన్నడదేశపు సరిహద్దున, సాంగ్లీ జిల్లాలో కుప్వాడ్ అను గ్రామము. జనము అప్పటికి సుమారు మూడువేలు. కన్నడము మాటలాడు జైనులు, ఉర్దూ మాటలాడు ముస్లిములు, మరాఠీ మాటలాడువారు, తెలుగు మాటలాడు త్రాళ్లు పేనువారు కొందఱు, శతాబ్దములుగా కలిసి బ్రదుకుచున్నారు. 1971లో గంపర్జ్, విల్సన్ అను పండితులు ఈ యూరి భాషలను గూర్చి వ్రాసిరి. ఇంటిలో ఎవరి భాష వారిదే. వీథిలో రెండు మూడు భాషలు రానివాడు లేడు. ఫలితమేమనగా, మాటలు వేఱుగానే నిలిచినవి గాని, వాక్యనిర్మాణము ఒకటైపోయినది. ఒక భాషలోని వాక్యమును మాటకు మాటగా మార్చినచో రెండవ భాష వాక్యమగును. "ఇది మా యిల్లు" అన్నప్పుడు కన్నడమున, తెలుగున వలెనే, క్రియ యక్కఱలేదు; కుప్వాడ్ కన్నడము మరాఠీ వలె ఆ చోట 'ఉన్నది' అను క్రియ చేర్చుకొనెను. మరాఠీయు లింగభేదమున కన్నడపు దారి తొక్కెను. ఇంటి గుర్తు మాటలలో నిలువబెట్టుకొని, వ్యాకరణభారమును జనులు పంచుకొనిరి. హోసూరు తెలుగును, మధుర తెలుగును విని "ఇది తెలుగా?" అని నవ్వు కోస్తా బంధువులు ఈ కుప్వాడ్ సంగతి యెఱిగినచో అంత తేలికగా నవ్వరు. అది చెడిన తెలుగు కాదు. రెండు భాషలు మోయు మెదడు చేసికొన్న సర్దుబాటు.

ఇక పిల్లల మాట. 1923లో సేర్ అను నతడు వేల్సు గ్రామములలో పరీక్షలు జరిపి, రెండు భాషల పిల్లలు బుద్ధిలో వెనుకబడిరని వ్రాసెను. ఆ వ్రాత లోకమున చాలకాలము పాఱినది. ఇంటిభాష మాన్పుడని తల్లులకు చెప్పిన ఉపాధ్యాయులకు అదియే అండ. పేదఱికమును, ఇంటి పరిస్థితులను లెక్కలోనికి తీసికొనని పరీక్ష లవి. 1962లో కెనడాలోని మాంట్రియాలులో పీల్, లాంబర్ట్ అను పరిశోధకులు ఒకే స్థితిగతులు గల పదేండ్ల పిల్లలను పోల్చిచూడగా, రెండు భాషలవారే ముందుండిరి. వెనుకటి భయమునకు ఆధారము లేదని తేలినది. 1997లో కిమ్ మొదలగువారు చిత్రణయంత్రముతో చూడగా, పసితనముననే రెండు భాషలు నేర్చినవారికి బ్రోకా ప్రాంతమున రెండును ఒకే చోట మెలగుచున్నట్లును, పెద్దయైన పిమ్మట రెండవది నేర్చినవారికి ప్రక్కప్రక్కన వేఱుగా నున్నట్లును కనబడెను. పరీక్షింపబడినవారు పన్నెండుగురే, కావున దీనిపై పెద్ద మేడ కట్టరాదు. ఆయినను వ్యాకరణపు పట్టు చిన్ననాట సులభమని, ఈడు పెరిగిన కొలది కష్టమని 1989లో జాన్సన్, న్యూపోర్ట్ చేసిన పరీక్షయు చెప్పుచున్నది.

మాన్పించిన భాష యేమగును? దీనికి రెండు సమాధానములు వచ్చినవి. కొరియాలో పుట్టి, మూడు మొదలు ఎనిమిదేండ్ల లోపల ఫ్రాన్సు కుటుంబములకు దత్తు పోయినవారిని 2003లో పాలియే మొదలగువారు పరీక్షించిరి. పెద్దవారైన వారికి కొరియా భాష వినిపించినప్పుడు వారి మెదడు ఏ గుర్తింపును చూపలేదు. తల్లిభాష జాడయే లేదన్నట్లుండెను. 2014లో మాంట్రియాలులో పియర్స్ మొదలగువారు, సగటున ఏడాది దాటిన యీడున చైనానుండి దత్తు వచ్చి, ఫ్రెంచి తప్ప వేఱు భాష యెఱుగక పెరిగిన బాలికలను చూచిరి. చైనా భాషలో స్వరము మాఱినచో అర్థము మాఱును. ఆ స్వరములు వినినప్పుడు ఈ బాలికల మెదడు ఎడమవైపున మెలగెను. చైనా భాష మాటలాడు బాలికల మెదడు వలెనే. ఫ్రెంచి మాత్రమే యెఱిగిన బాలికలకు అట్లు జరుగలేదు. అర్థము తెలియదు, మాట రాదు; వినికిడి జాడ మాత్రము పదేండ్లు దాటినను మిగిలినది. ఈ రెండు పరిశోధనలను కలిపి చదివినచో మాకు తోచున దిది: పసినాటి ధ్వనిసంస్కారము మొండిది, కాని వాడుక లేనిదే అది భాషగా నిలువదు. మన పిల్లలకు అమ్మమ్మ జోలపాట వినిపించుట మంచిదే; సంభాషణ అంతకంటె మంచిది.

వృద్ధుల విషయమున హైదరాబాదునుండి వచ్చిన పరిశోధన మనకు మిక్కిలి సన్నిహితము. నిజాము వైద్యవిజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి, ఎడింబరోవాసి థామస్ బాక్ మొదలగువారు మతిమఱుపు వ్యాధికి వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించిరి. అందు 391 మంది రెండు గాని అంతకు మించి గాని భాషలు మాటలాడువారు. ఒకే భాషవారి కంటె వీరికి వ్యాధి నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా మొదలయ్యెను. చదువు వలన నైన మేలేమో యను సందేహమునకు సమాధానముగా, చదువురాని వారిలోను ఇదే భేదము కనబడెను. రెంటికి మించిన భాషల వలన అదనపు లాభము మాత్రము కానరాలేదు. అన్ని దేశములలోను ఇట్టి ఫలితము రాలేదు; కొన్నిచోట్ల భేదమే కనబడలేదు; శాస్త్రజ్ఞులలో వాదము సాగుచునేయున్నది. 2016లో ఆ బృందమే పక్షవాతము వచ్చిన 608 మందిని గూర్చి ప్రకటించెను: పిమ్మట బుద్ధి చెక్కుచెదరక నిలిచినవారు రెండు భాషలవారిలో నూటికి 40.5, ఒకే భాషవారిలో 19.6. వాగ్లోపము మాత్రము ఇరువురికిని ఒకే తీరున వచ్చెను. రెండవ భాష మాటకు కవచము కాదన్నమాట.

అందుచేతనే మన కుటుంబములకు పనికివచ్చు ఒక సంగతి చెప్పవలసియున్నది. మన ఊళ్ల ఆసుపత్రులలో వైద్యుడు రోగిని పలుకరించునది ఆ రాష్ట్రపు భాషలో. పక్షవాతముతో మాట పడిన ముదుసలి ఆ భాషలో బదులు చెప్పనంతమాత్రమున తెలుగున కూడ మాట పోయినదని యెంచరాదు. తెలుగున రెండు మాటలు పలికినంతమాత్రమున రెండవ భాష బాగున్నదనియు ఎంచరాదు. పరాడిస్ 1987లో సిద్ధపరచిన పరీక్ష, ఒక్కొక్క భాషకు వేర్వేఱుగా, రోగికి తెలిసిన ప్రతి భాషలోను చేయవలసినదిగా నున్నది. కావున రోగి వెంట పోవువారు వైద్యునికి ముందుగా ఈ వివరములు చెప్పవలెను: ఇంటిలో ఏ భాష, పనిచోట ఏ భాష, ఏది ఏ యీడున నేర్చినది, ఏది చదువ వ్రాయ వచ్చును, ఏది మాటలాడుటకు మాత్రమే వచ్చును. తమిళనాట మనవారిలో తెలుగు మాటలాడుచు తెలుగు లిపి యెఱుగనివారు చాలమంది కలరు; అట్టి వానిచేతికి తెలుగు కాగితము నిచ్చి, చదువలేకపోయెనని వ్యాధి లెక్కలో వ్రాయరాదు. వీలైనచో, ఆ యింటి తెలుగునే మాటలాడు మనిషి యొకరు పరీక్షా సమయమున ప్రక్కన నుండవలెను.